తొందర లేని పెద్దరికం

(ఎస్.ఆర్. శంకరన్ గారి స్మృతిలో, సిడ్నీ నగరం ద పాండ్స్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దేశంలో ఏ సభ మొదలైనా ముందుగా ఈ నేల ఎవరిదో చెప్పుకోవడం ఆనవాయితీ. మనం కూర్చున్న ఈ చోటు దారుగ్ అనే ఆదిమవాసి ప్రజలది. ఆ ఒక్క వాక్యం గబగబా చదివేసి కార్యక్రమంలోకి వెళ్ళిపోవడం చాలా సభల్లో చూస్తుంటాం. నేను మాత్రం అక్కడ కాసేపు ఆగుతాను. నా విషయం మొదలయ్యేది అక్కడే.

ఇక్కడికి కారులో కాస్త దూరం వెళ్తే రిచ్‌మండ్ రోడ్డు పక్కన ఒక ఖాళీ స్థలం ఉంది. గవర్నర్ మెక్వారీ కాలంలో పరమట్టాలో మొదలైన నేటివ్ ఇన్‌స్టిట్యూషన్ అనే బడిని 1823లో అక్కడికి మార్చారు. ఆదిమవాసుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి తెచ్చి, ఇంగ్లీషు చదువూ చేతిపనులూ నేర్పి, తమలాంటి మనుషులుగా తయారుచేయాలని ఆ బడి పెట్టినవాళ్ళ ఉద్దేశం. మన బ్లాక్‌టౌన్‌కు ఆ పేరు ఆ చోటు నుంచే వచ్చింది. ఆ బడి పెట్టినవాళ్ళు తాము దుర్మార్గం చేస్తున్నామని అనుకోలేదు, మేలు చేస్తున్నామనే నమ్మారు. కానీ ఆ తల్లుల పక్కన కూర్చుని, మీకేం కావాలమ్మా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగినవారు లేరు. ఆ స్థలం తిరిగి దారుగ్ ప్రజల చేతికి వచ్చింది 2018లో. అడగకుండా చేసిన మేలును సరిదిద్దుకోవడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది.

అడిగి, ఆగి, విన్న ఒక మనిషిని తలచుకోవడానికి ఇవాళ కలుసుకున్నాం.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు శంకరన్ గారి పేరు తెలిసి ఉండకపోవచ్చు. ఆయన 1934లో తంజావూరు ప్రాంతంలో పుట్టారు. 1950ల చివర్లో ఐ.ఏ.ఎస్.లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా, త్రిపుర రాష్ట్ర ప్రధాన కార్యదర్శిగా, చివరికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసి 1992లో పదవీ విరమణ చేశారు. పెళ్ళి చేసుకోలేదు. హైదరాబాదులో ఒక చిన్న ఫ్లాట్‌లో, అతి తక్కువ సామాను మధ్య బతికారు. జీతంలోనూ తర్వాత పింఛనులోనూ పెద్ద భాగం దళిత పిల్లల చదువులకు పోయేది. 2005లో ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న కన్నుమూశారు. దళితులకు, గిరిజనులకు బడ్జెట్లో విడిగా వాటా ఉండాలన్న ఉపప్రణాళికల వెనుక, సంక్షేమ గురుకులాల వెనుక ఆయన శ్రమ ఉంది. ఇవాళ ఈ నగరంలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళలో ఆ గురుకులాల్లో చదువుకున్నవాళ్ళున్నారు. ఈ హాల్లోనూ ఉండవచ్చు.

ఇవన్నీ ఆయన సాధించినవి. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన పనిచేసిన తీరు.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వెట్టిచాకిరీ నిర్మూలన వచ్చింది. కాగితం మీద దేశంలోని ప్రతి వెట్టి కూలీ ఆ రోజుతో స్వేచ్ఛాజీవి. అప్పు రద్దు, కట్టుబాటు రద్దు. కానీ మీ జిల్లాలో వెట్టి ఉందా అని పైనుంచి అడిగితే కిందినుంచి వచ్చే జవాబు ఏమిటి? లేదు. ఎందుకు లేదు? జిల్లా అధికారి తహశీల్దారును అడుగుతాడు, తహశీల్దారు పట్వారీని అడుగుతాడు, పట్వారీ ఆసామిని అడుగుతాడు. ఆ ఆసామి దగ్గరే తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం ఉంటున్నాడు. జీపు దిగి, ఆసామి వాకిట్లో కుర్చీ వేయించుకుని, నువ్వు వెట్టివాడివా అని అధికారి అడిగితే ఆ జీతగాడు ఏమంటాడు? లేదయ్యా, మా దొర మంచోడే అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు. జీపు సాయంత్రానికి వెళ్ళిపోతుందనీ, దొర ఉండిపోతాడనీ అతనికి తెలుసు.

నిజం తెలియాలంటే వాడకు వెళ్ళాలి. పొద్దుగూకాక, పశువుల్ని కట్టేసి, చేతులు కడుక్కుని మనిషి ఇంటికొచ్చే వేళకు వెళ్ళాలి. నేల మీద కూర్చోవాలి. మొదట వాన గురించి, తర్వాత పిల్లల గురించి, ఆ తర్వాత ఎప్పుడో, చాలాసేపటికి, అప్పు గురించి మాట వస్తుంది. ఎంత అప్పు, ఎప్పుడు తీసుకున్నది, ఎవరి పెళ్ళికి, ఎన్నేళ్ళుగా తీరుతోంది అన్నవి ఒకటొకటిగా బయటపడతాయి. శంకరన్ గారు ఊళ్ళు తిరిగి, కూలీలను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది విని, మీరు ఇప్పుడు ఎవరికీ కట్టుబడి లేరు, చట్టం మీ పక్షాన ఉంది అని చెప్పుకుంటూ వెళ్ళారు. ఊళ్ళలోని పెద్దలకు అది గిట్టలేదు. ఫిర్యాదులు పైకి వెళ్ళాయి. కార్యదర్శి స్థాయి అధికారి ఊరూరా తిరిగి కూలీలను రెచ్చగొడుతున్నాడని నాటి ప్రభుత్వాధినేతకు కోపం వచ్చింది. శంకరన్ గారు సెలవు మీద వెళ్ళిపోయారు. ఆ తర్వాత త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయన్ను తమ రాష్ట్రానికి పిలిపించుకున్నారు.

ఇందులో ఆయన ధైర్యం చాలామందికి కనిపిస్తుంది. నాకు ముందు కనిపించేది సమయం. రాష్ట్రంలో అతి ఖరీదైన సమయం ఉన్న అధికారుల్లో ఆయన ఒకరు. సచివాలయంలో దస్త్రాలుంటాయి, మంత్రుల పిలుపులుంటాయి, అసెంబ్లీ ప్రశ్నలుంటాయి. అంత ఖరీదైన సమయాన్ని, గడియారం విలువే ఎరుగని మనిషి ముందు ఆయన ఖర్చుపెట్టారు. చట్టాన్ని చట్టంగా నిలబెట్టింది ఆ ఖర్చే అని నా నమ్మకం.

నేను పడమటి సిడ్నీలో ఒక ఆసుపత్రి వార్డులో నర్సులకు ఇన్‌ఛార్జిని. నాకు పరిపాలన శాస్త్రం తెలియదు. కానీ మనుషులు నిజం ఎప్పుడు చెబుతారో రోజూ చూస్తాను. పొద్దున డాక్టర్లు రౌండ్‌కి వస్తారు. మంచం చుట్టూ అరడజను మంది నిలబడతారు. ఎలా ఉంది అంటే బాగుంది అంటాడు రోగి. నొప్పి ఉందా అంటే పర్లేదు అంటాడు. అందరూ కదులుతారు. పెద్ద డాక్టరు తెర మీద చెయ్యి వేసి వెళ్ళబోతుండగా, ఒక్క మాట డాక్టరుగారూ అంటాడు. అసలు జబ్బు ఆ ఒక్క మాటలో ఉంటుంది. వైద్య వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఇది తెలుసు. ఆ మాట వినడానికి వెనక్కి తిరిగి, కుర్చీ లాక్కుని కూర్చునే డాక్టర్లున్నారు, మా సిస్టర్‌కి చెప్పండి అని వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఇద్దరూ తెలివైనవాళ్ళే. ఇద్దరి చేతుల్లోనూ రోగులు కోలుకుంటారు. కానీ కూర్చున్న డాక్టరు వార్డులో నర్సులు కూడా తప్పు జరిగితే దాచరు. అది నేను చాలాసార్లు చూశాను. పైవాడు ఆగుతాడని తెలిస్తే కిందివాళ్ళు చెబుతారు.

నాయకుడు మనుషులకు సమయం ఇవ్వాలనేది మర్యాద కోసం చెప్పే మాట కాదు. తొందరలో ఉన్న నాయకుడికి చెడ్డ కబురు చేరదు. చేరేసరికి అది కబురు స్థాయి దాటి ప్రమాదంగా మారిపోయి ఉంటుంది.

తొందర లేకపోవడం వేరు, పని నానబెట్టడం వేరు. పేదవాడు ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద రోజులకొద్దీ కూర్చోవడం మన దేశంలో చూసి పెరిగినవాళ్ళం. అక్కడ నెమ్మదికి కొదవేమీ లేదు! కానీ ఆ నెమ్మది ఖరీదు కట్టేది కూలి పోగొట్టుకుని వచ్చినవాడు. శంకరన్ గారి నెమ్మది ఖరీదు ఆయనే కట్టారు. ఎవరి సమయం పోతోందని అడిగితే రెంటికీ తేడా తెలిసిపోతుంది. అలాగే గుండె ఆగిన మనిషి ముందు ఎవరూ కుర్చీ లాక్కుని కూర్చోరు. అక్కడ క్షణం ఆలస్యం చేయకూడదు. అయితే అలాంటి క్షణంలో నా బృందం నా ఒక్క మాటకు కదలాలంటే, మిగతా రోజుల్లో నేను వాళ్ళతో గడిపి ఉండాలి.

శంకరన్ గారి జీవితంలో మరో ఘట్టం. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర ఆయన్ను, మరికొందరు అధికారులను పీపుల్స్‌వార్ నక్సలైట్లు ఎత్తుకుపోయారు. జైల్లో ఉన్న తమవాళ్ళను ప్రభుత్వం వదిలాక వీళ్ళను విడిచిపెట్టారు. బందీగా ఉండి వచ్చిన మనిషి, ఆ అనుభవం తర్వాత అడవి వైపే చూడకపోతే ఎవరూ తప్పుపట్టరు. ఆయన చేసింది అందుకు పూర్తిగా విరుద్ధం. 1997లో పౌరస్పందన వేదిక ఏర్పడితే దానికి నాయకత్వం వహించారు. న్యాయవాదులు, పత్రికా సంపాదకులు, ఆచార్యులు అందులో ఉన్నారు. వాళ్ళు చేసిన పని వినడానికి చాలా చిన్నది. ఊళ్ళకు వెళ్ళడం, పోలీసు కాల్పుల్లో పోయినవారి ఇళ్ళకూ, నక్సలైట్ల చేతిలో పోయినవారి ఇళ్ళకూ వెళ్ళి కూర్చోవడం, విన్నది రాసి అటు ప్రభుత్వానికీ ఇటు పార్టీకీ ఉత్తరాలుగా పంపడం. సంవత్సరాల తరబడి అదే పని. ఇరువైపుల నుంచీ విమర్శలు వచ్చాయి. ఒకరికి వీళ్ళు నక్సలైట్ల సానుభూతిపరులు, మరొకరికి ప్రభుత్వ మనుషులు.

2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమూ నక్సలైటు పార్టీల ప్రతినిధులూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అంతకు ముందు అది ఎవరూ ఊహించని దృశ్యం. కొన్ని నెలల్లోనే ఆ ప్రయత్నం కుప్పకూలింది, మళ్ళీ నెత్తురు పారింది. విఫలమైన చర్చల గురించి స్మారక సభలో చెప్పడం దేనికని మీరు అడగవచ్చు. విన్నంత మాత్రాన గెలుపు ఖాయం కాదని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడేళ్ళు ఆ ఇళ్ళకు నడిచారు. ఫలితం కోసం మాత్రమే మనుషుల దగ్గరకు వెళ్ళేవాడు రెండో ఏడాదికి మానేస్తాడు.

చివరి సంవత్సరాల్లో ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్‌కు పెద్దదిక్కుగా నిలిచారు. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు, మనిషి మలాన్ని మనిషి ఎత్తే పని ఆగాలని మొదలుపెట్టిన ఉద్యమం అది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చేనాటికి శంకరన్ గారు లేరు.

ఇప్పుడు కాస్త ఉత్తరానికి, ఆదిలాబాదు అడవులకు వెళ్దాం. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులు కొమరం భీమ్‌ను చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను కోరింది. ఇంకొకరైతే ఆసిఫాబాదు బంగళాలో బస చేసి, నాలుగు ఊళ్ళ పెద్దల్ని పిలిపించి, నెల తిరిగేసరికి నివేదిక ఇచ్చేవారు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి అనే గోండు గూడేనికి వెళ్ళి కాపురం పెట్టారు. గోండీ నేర్చుకున్నారు. పండగల్లో, దినాల్లో కూర్చున్నారు. అడవి చట్టాలు, పట్టాలు లేని పొలాలు, మైదానాల నుంచి వచ్చి భూమి రాయించుకుంటున్నవాళ్ళు, ఇవన్నీ కలిసి గోండులను ఎలా తరిమాయో ఆయనకు అక్కడ అర్థమైంది. ఆయన సిఫారసులతో వేలాది గిరిజన కుటుంబాలకు పట్టాలు అందాయి, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే కేంద్రం వచ్చింది. 1987లో బెట్టీ హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. తర్వాత హైమన్‌డార్ఫ్ అస్థికలూ అక్కడికే చేరాయి. ప్రభుత్వం పంపిన మనిషిని ఒక గూడెం తనవాడిగా ఏటా తలచుకోవడం అరుదైన విషయం.

ఆదిలాబాదు జిల్లాకే 2017 చివర్లో దివ్యా దేవరాజన్ గారు కలెక్టరుగా వెళ్ళారు. ఆదివాసీలకూ లంబాడాలకూ మధ్య గొడవలు రగులుతున్న సమయం అది. ఆమె గోండీ నేర్చుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. ఎన్నేళ్ళుగానో కలెక్టరు ముందు దుబాసీ ద్వారా మాట్లాడిన మనుషులు నేరుగా మాట్లాడారు. ఆమెకు కృతజ్ఞతగా ఒక ఊరు తన పేరును దివ్యగూడ అని పెట్టుకుంది. శంకరన్ గారు తమిళనాడు నుంచి, హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా నుంచి, ఈమె మళ్ళీ తమిళనాడు నుంచి వచ్చినవారే. పరాయి నేల మీద ఉన్న మనకు ఇందులో ఒక ధైర్యం ఉంది.

ఈ దేశంలోనూ అలాంటి కథ ఉంది. మన పిల్లలు బడిలో చదువుకునే కథే. 1966 ఆగస్టులో నార్తర్న్ టెరిటరీలోని వేవ్ హిల్ పశువుల కేంద్రం నుంచి విన్సెంట్ లింగియారి నాయకత్వంలో రెండు వందల మంది దాకా గురిండ్జి ఆదిమవాసులు పని వదిలి నడిచి వెళ్ళిపోయారు. అది బ్రిటన్‌కు చెందిన వెస్టీ కుటుంబ కంపెనీ ఆస్తి. బయటివాళ్ళంతా అది కూలి కోసం సమ్మె అనుకున్నారు. కూలి ఒక కారణమే. ఫ్రాంక్ హార్డీ అనే రచయిత వాళ్ళ మధ్యకు వెళ్ళి ఉండి, మంట చుట్టూ కూర్చుని మాటలు వింటే అసలు సంగతి మెల్లగా బయటపడింది. వాళ్ళు అడుగుతున్నది తమ భూమిని. కూలి పెంచి పంపేద్దామనుకున్నవాళ్ళ లెక్కలన్నీ తప్పు ప్రశ్నకు జవాబులే. 1967లో వాళ్ళు గవర్నర్ జనరల్‌కు అర్జీ పెట్టారు. లింగియారి తొందరపడలేదు, చెయ్యి ఎత్తలేదు, పట్టు విడవలేదు. 1975 ఆగస్టు 16న ప్రధాని గఫ్ విట్లమ్ ఆయన అరచేతిలో గుప్పెడు మట్టి పోశారు. అప్పటికి తొమ్మిదేళ్ళు. మట్టి పోస్తున్న ఆ క్షణపు ఫొటో మన పిల్లల పుస్తకాల్లో ఉంది. అందులో ఇద్దరు నాయకులున్నారు. వాళ్ళలో పెద్ద నాయకుడు లింగియారి అని నా అభిప్రాయం.

ఇక మన కాలానికి, మన వృత్తులకు వస్తాను. ఈ హాల్లో సగం మంది కంప్యూటర్ రంగంలో ఉన్నవాళ్ళు. మీలో చాలామంది బృందాలను నడుపుతున్నారు. కాబట్టి రోబోడెట్ అని పేరుపడ్డ ప్రభుత్వ పథకం గురించి మీ ముందు చెప్పడం అవసరం. సెంటర్‌లింక్ అనే ప్రభుత్వ సంక్షేమ సంస్థ సాయం తీసుకున్నవాళ్ళ ఆదాయాన్ని పన్నుల శాఖ లెక్కలతో పోల్చి, ఎక్కువ తీసుకున్నారనిపిస్తే అధికారి ఆ మనిషితోనూ యజమానితోనూ మాట్లాడి నిర్ధారించుకునేవారు. అది మెల్లగా జరిగే పని. ఏడాదికి 20 వేల కేసులు చూసేవారు. 2016 నుంచి ఆ పనిని యంత్రానికి అప్పగించారు. వారానికి 20 వేలు! ఏడాది మొత్తం ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, ఆ సగటు చూసి బాకీ తేల్చేశారు. ఆరు నెలలు పనిచేసి, ఆరు నెలలు పని దొరకని మనిషికి సగటు ఎలా కుదురుతుంది? ఆ ప్రశ్న అడగడానికి మధ్యలో మనిషి లేడు. బాకీ లేదని రుజువు చేసుకోవాల్సిన భారం ఉత్తరం అందుకున్నవాడి మీద పడింది. 4 లక్షల మందికి పైగా అలా ఇరుక్కున్నారు.

2019లో కోర్టు ముందు ఆ లెక్క చట్టబద్ధం కాదని ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు. 2021 నాటికి రాజీ మొత్తం విలువ 180 కోట్ల డాలర్లకు చేరింది. న్యాయమూర్తి క్యాథరిన్ హోమ్స్ అధ్యక్షతన రాయల్ కమిషన్ 2023 జులైలో నివేదిక ఇచ్చింది. ఆ బాకీల ఒత్తిడిలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. ఆ విచారణ నాకు చూపించింది ఇది: కింది స్థాయి ఉద్యోగులకు తప్పు మొదట్లోనే తెలుసు. కౌంటర్ దగ్గర ఏడుస్తున్న మనుషుల్ని చూసింది వాళ్ళే. చెప్పారు కూడా. పైన వినే తీరిక లేదు. ఎంత వసూలైందన్న అంకె మాత్రం పైకి వేగంగా వెళ్ళింది, మనుషుల కథ అందులో పట్టలేదు. తహశీల్దారు, పట్వారీ, ఆసామి వరసలో వెట్టి మాయమైపోయినట్టే ఇది కూడా.

మనలో చాలామంది ఇలాంటి వ్యవస్థలను రాసేవాళ్ళం, పరీక్షించేవాళ్ళం, వాటి గడువులు నిర్ణయించేవాళ్ళం. పదిహేను నిమిషాల స్టాండప్‌లో అందరూ గ్రీన్ అని చెబుతారు. అదే బృందంలో వీసా కోసం ఎదురుచూస్తున్న కుర్రాడు ఉంటాడు. డిజైన్‌లో తేడా ఉందని అతనికి తెలిసినా మీటింగ్‌లో నోరు విప్పడు. తన ఉద్యోగం, తన శాశ్వత నివాసపు పి.ఆర్. కాగితం మీ చేతుల్లో ఉన్నాయని అతని భయం. ఆ భయం తీరడానికి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా లాభం లేదు. మధ్యాహ్నం అతనితో కలిసి అన్నం తినండి. మొదటి రోజే ఏమీ చెప్పడు. ఊరి సంగతులు మాట్లాడతాడు. మాట్లాడనివ్వండి.

మన ద పాండ్స్ సంగతి చూడండి. రెండు దశాబ్దాల కిందట ఇక్కడ పొలాలూ పచ్చికబయళ్ళూ తప్ప ఇళ్ళు లేవు. సెకండ్ పాండ్స్ వాగు వెంట చెరువులు తీర్చి, వీధులు వేసి, ఇంత ఊరు కట్టారు. 2019లో తల్లావాంగ్ దాకా మెట్రో వచ్చింది, 2024లో అది సిటీ దాటి సిడెన్‌హామ్ దాకా వెళ్ళింది. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2016 జనగణనలో 34 వేల పైచిలుకు ఉంటే, 2021కి 59 వేలు దాటారు. ఇంత వేగంగా పెరిగిన సమాజంలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేలడానికి కూడా సమయం చాలలేదు. మన సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు, దీపావళికి పెద్ద సభలు చేస్తున్నాయి. ఆ కష్టం నాకు తెలుసు, హాలు దొరకడం దగ్గర నుంచి భోజనాల దాకా ఎంత పని ఉంటుందో చూశాను. కానీ కమిటీలో ఉన్నవారు ఆ సాయంత్రమంతా పరుగులోనే ఉంటారు. వెయ్యి మంది వచ్చిన సభలో కార్యదర్శి ఒక్కరితోనైనా పది నిమిషాలు కూర్చున్నారా? అది మన పదవుల తీరులో ఉన్న లోపం, మనుషుల లోపం కాదు.

పొద్దున చెరువు చుట్టూ నడిచే పెద్దవాళ్ళను మీరు చూస్తుంటారు. చీర మీద స్వెటర్, కాళ్ళకు కోడలు కొనిచ్చిన బూట్లు. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, అనంతపురం నుంచి సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు. ఎవరైనా పలకరిస్తే, చాలా బాగుందమ్మా, పిల్లలు బాగా చూసుకుంటున్నారు అంటారు. అది అబద్ధం కాదు. కానీ ఇంకా మాట మిగిలి ఉంటుంది. వాళ్ళకు ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ లేదు. ప్రైవేటు బీమా ఉన్నా పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో వాళ్ళకు తెలియదు. అంబులెన్సు పిలిస్తే ఎంతవుతుందోనని భయం. ఛాతీలో బరువుగా ఉందని కొడుకుకు చెప్పడానికి రెండు రోజులు ఆగి, మూడో రోజు మా దగ్గరకు వచ్చినవాళ్ళను నేను చూశాను. ఇంట్లో అందరూ ప్రేమగానే ఉంటారు. కూర్చుని వినే వేళ మాత్రం ఇంట్లో ఎవరికీ కుదరదు. తల్లావాంగ్‌లో బండి పెట్టి, మెట్రో ఎక్కి, రాత్రికి తిరిగొచ్చే కొడుకును చూసి, వీడికి ఇంకో బెంగ ఎందుకు అనుకుంటుంది తల్లి.

అలాగే చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. ఇద్దరికి సరిపోయే గదిలో నలుగురైదుగురు ఉంటూ, రాత్రంతా గిడ్డంగుల్లో పనిచేస్తూ, ఇంటికి ఫోన్ చేసి అన్నీ బాగున్నాయని చెబుతారు. చట్టం చెప్పిన దానికన్నా తక్కువ కూలి ఇస్తున్నారని వాళ్ళు మనవాళ్ళకే చెప్పరు, కొన్నిసార్లు ఆ యజమాని మనవాడే కాబట్టి. ఇక్కడ నాయకత్వం అంటే ఆ పిల్లవాడు యజమాని కన్నా మనల్ని ఎక్కువగా నమ్మేంత కాలం అతనితో గడపడం. అది ఒక వేదిక మీద, ఒక శాలువాతో అయ్యేది కాదు.

అందుకే ఈ సభకు, ముఖ్యంగా కమిటీలో ఉన్నవారికి, ఒక ప్రతిపాదన తెచ్చాను. ప్రతి శనివారం పొద్దున చెరువు దగ్గర బల్లల మీద కమిటీ నుంచి ఇద్దరు కూర్చోవాలి. రెండు గంటలు. ఎజెండా ఉండకూడదు, బ్యానర్ కట్టకూడదు, ఫొటోలు తీయకూడదు. ఒక ఫ్లాస్కులో టీ చాలు. మొదటి వారాల్లో ఎవరూ ఏమీ చెప్పరు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోతారు. దాన్ని వైఫల్యంగా మినిట్స్‌లో రాయవద్దు. అధ్యక్షులు, కార్యదర్శి కూడా వంతుల్లో ఉండాలి. పదవి లేనివాళ్ళ మీదకు నెట్టేస్తే ఇది ఇంకో సేవా కార్యక్రమంగా మిగిలిపోతుంది. వచ్చినవాళ్ళకు చెప్పడానికి కొన్ని విషయాలు మనకు తెలిసి ఉండాలి. 131 450కి ఫోన్ చేసి తెలుగు అని చెబితే దుబాసీ దొరుకుతారని, ఛాతీ నొప్పి వస్తే డబ్బు లెక్క చూడకుండా వెంటనే 000కి ఫోన్ చేయాలని, కూలి తక్కువ ఇస్తే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చని చెప్పాలి. ఇవి చెప్పడం తేలిక. వాళ్ళు అడిగేదాకా ఆగడమే అసలు పని.

నెలకు నాలుగు శనివారాలు, వారానికి ఇద్దరు. మొదటి నెల నా పేరు రాసుకున్నాను, నాతో కూర్చోవడానికి మా వార్డు నుంచి ఒక సిస్టర్ ఒప్పుకున్నారు. రెండో నెల నుంచి కాగితం ఖాళీగా ఉంది. బయట తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను, పెన్ను కూడా ఉంది. భోజనాలకు వెళ్ళేముందు చూడండి.